కంప్యూటర్‌కు కొట్టిన కొబ్బరికాయ

మా గద్వాల బడికి కంప్యూటర్ వచ్చిన రోజున దాన్ని ముట్టుకునే అర్హత ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది నా గొప్ప కాదు, కాయితంలో అట్లా రాసి పంపారు. ఎనభైల చివర్లో సర్కారు కొన్ని బడులకు కంప్యూటర్లు ఇస్తూ, బడికొక టీచర్‌ను హైదరాబాద్‌లో ట్రైనింగ్‌కు పంపమంది. మిగతా సార్లందరికీ సరిగ్గా ఆ వారమే కడుపునొప్పులు, చుట్టాల పెళ్లిళ్లు వచ్చిపడ్డాయి. లెక్కల సారును, పైగా వయసులో చిన్నవాణ్ణి, నేను దొరికిపోయాను. ట్రైనింగ్‌లో పదిమందికి ఒక యంత్రం. మొత్తం మీద దానిపై నా వేళ్లు పడింది ఒక పావుగంట ఉంటుందేమో. ఆ పావుగంట చదువుతోనే గద్వాల బస్టాండులో సైంటిస్టులా దిగాను. సిగ్గుండాలి నాకు.

యంత్రమంటే ఒక చిన్న టీవీ, దాని ముందు బటన్ల పెట్టె, అంతే. మా హెడ్మాస్టరు దానికి చేసిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు. ఒక గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, తాళం వేసి, తాళంచెవిని తన మొలతాడుకు కట్టుకున్నారు. గది తెరవాలంటే ఆయన చొక్కా ఎత్తాల్సిందే. ఆడపిల్లలు అటు తిరిగి నిలబడేవారు.

ఆయన భయం ఆయనది. డిసెంబరు ఆఖరుకు రిటైర్మెంటు. బడిలోని వస్తువులన్నీ బాగున్నాయని పైనుంచి వచ్చే ఆఫీసరు చూసి సంతకం పెడితేనే ఆయన పింఛను కాయితాలు కదులుతాయి. విరిగిన బెంచీకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కంప్యూటర్ చెడిపోతే ఏం చెప్పాలి?

"సార్, పిల్లల్ని ఒక్కసారి లోపలికి తోలుకపోత" అన్నాను ఒకరోజు.

"ఏమన్న అయితే జిమ్మేదారి ఎవరిది? పెబ్బేరు సంతల ఎద్దును కొన్నా నోరు తెరిపిచ్చి పండ్లు చూసి కొంటం. దీని లోపట ఏమున్నదో నీకు తెల్వదు, నాకు తెల్వదు."

"పండ్లు పైకే ఉన్నయి గద సార్" అని బటన్లు చూపించాను.

"నవ్వకు సారూ, నేనే పరేషాన్‌ల ఉన్న. డిసెంబర్ దాటనియ్యి. నేను పోయినంక మీరంత దాని మీదికెక్కి దుంకుండ్రి."

నాకు ఒళ్లు మండింది. పిల్లలు కిటికీ సందుల్లోంచి తొంగిచూడటం, ఆయన బెత్తం పట్టుకొని తరమడం. ఇదేం చదువు? ఆ కోపంలోనే ఒక పెద్ద అట్ట తెచ్చి, దాని మీద బటన్లన్నీ గీసి, తొమ్మిదో తరగతిలో బల్ల మీద పెట్టాను. పిల్లలు వంతులవారీగా వచ్చి ఆ అట్ట మీద వేళ్లతో కొట్టాలి. తప్పు కొడితే అసలు యంత్రం 'కుయ్' అంటుంది. అట్ట అనదు కాబట్టి నేను అనేవాణ్ణి. ప్రోగ్రాం సరిగ్గా వస్తే జవాబు కూడా నేనే చెప్పాలి. నెలల తరబడి గద్వాలలో పనిచేసిన కంప్యూటర్‌ను నేనే. పక్క క్లాసులోని తెలుగు సారు ఒకసారి తలుపు దగ్గరికొచ్చి, "దవాఖానకు పోతవా, తోడు రావాల్నా?" అని నిజంగానే అడిగారు.

ఆ క్లాసులో మగ్గం నేసేవాళ్ల పిల్ల ఒకతి ఉండేది. పొద్దున్నే ఇంట్లో నాన్న మగ్గానికి దారం కండెలు చుట్టిపెట్టి బడికొచ్చేది. దారంతో అలవాటుపడ్డ వేళ్లు కదా, అట్ట మీద చూడకుండానే పరిగెత్తేవి. వారం తిరిగేసరికి ఆమెకు 'కుయ్' అనే పనే నాకు తప్పిపోయింది.

ఇంతలో దసరా వచ్చింది. మా ఊళ్లో దసరాకు మగ్గానికి బొట్టు పెడతారు, కుట్టుమిషన్‌కు పెడతారు, సైకిల్‌కు పెడతారు. మరి కంప్యూటర్ ఏం పాపం చేసింది? సెలవులిచ్చే ముందురోజు హెడ్మాస్టరు స్నానం చేసి, పట్టుపంచె కట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని గది తెరిచారు. టీవీకి బంతిపూల దండ వేశారు. బటన్ బటన్‌కూ ఓపికగా పసుపు, కుంకుమ పెట్టారు.

"కాయ బయట కొడదాం సార్" అన్నాను.

"దేవునికి బయట కొడ్తమా? జర దూరం నిలబడు."

కాయను బల్ల అంచుకు కొట్టారు. అది అక్కడ పగిలినా బాగుండేది. చిట్లి, చేతిలోంచి జారి, నీళ్లన్నీ వలవలా బటన్ల మీదే కార్చి, ఆ తర్వాత తాపీగా రెండు చెక్కలైంది.

"అయ్యో అయ్యో అయ్యో!" అంటూ ఆయన కండువాతో అద్దుతుంటే పసుపంతా సందుల్లోకి దిగిపోయింది. మూడు నెలలు పిల్లలెవరూ ముట్టకుండా కాపాడిన మనిషి! నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"కొంప మునిగింది సారూ. ముప్పై ఏండ్ల సర్వీసు గీ కాయ కింద పగిలింది" అన్నారు.

దసరా సెలవులన్నీ మేమిద్దరం దాని సేవలోనే గడిపాం. చెంచా కాడతో బటన్లు ఒక్కొక్కటే ఊడబెరికి, కడిగి, బడి అరుగు మీద చాటలో ఎండబెట్టాను. ఆయన కట్టె పట్టుకొని కాకుల్ని తోలారు. ఏది ఎక్కడిదో అట్ట చూసుకుంటూ మళ్లీ బిగించాను. ఆరో రోజు స్విచ్చి వేస్తే టీవీ వెలిగింది. అన్ని బటన్లూ పనిచేశాయి. హెడ్మాస్టరు ఈసారి గడప అవతలి నుంచే దండం పెట్టుకున్నారు. పసుపు మాత్రం ఎంత తుడిచినా సందుల్లో ఉండనే ఉండిపోయింది.

డిసెంబరులో ఆఫీసరు వచ్చారు. బెంచీలు, మ్యాపులు, బీరువాలు చూసుకుంటూ చివరికి ఆ గదిలోకి వచ్చారు. కాయితం బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి, ఎందుకో బటన్ల మీద వేలు రాసి చూసుకున్నారు. వేలు పచ్చగా అయింది. వాసన చూశారు.

"గిదేంది? పసుపా? పిల్లలు కూరన్నం తిన్న చేతుల్తోటి ముట్టిన్రా?"

హెడ్మాస్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేనే ముందుకు దూకాను. "అవును సార్. ఎంత చెప్పినా ఇనరు!"

ఆఫీసరు పకపకా నవ్వారు. "శభాష్! నేను చూసిన బడులల్ల మూతలు గూడ తియ్యలే. ఈడ పిల్లల చేతులన్న పడ్డయి. ఏదీ, ఒక పిలగాన్నో పిల్లనో పిలువుండ్రి, చూద్దాం."

చచ్చాం అనుకున్నాను. మా పిల్లల్లో ఒక్కరు కూడా అసలు యంత్రాన్ని ముట్టిన పాపాన పోలేదు. మగ్గపు పిల్లనే పిలిచాను. పదిహేడో ఎక్కం రాబట్టే ప్రోగ్రాం కొట్టమన్నాను. ఆమె కుర్చీలో కూర్చుంది. వేళ్లు పరిగెత్తాయి. ప్రతి వరుస చివరా ఆగి, టీవీ వంక కాదు, నా ముఖంలోకి చూస్తోంది. కుయ్ అంటానేమోనని! నేను పెదవులు బిగబట్టి నిలబడ్డాను. ఆఖరి బటన్ నొక్కి, నేను పదిహేడో ఎక్కం చదువుతానని ఎదురుచూసింది.

"నన్ను కాదు, అటు చూడు" అన్నాను మెల్లగా.

తలెత్తింది. ఎక్కమంతా వరుసగా వెలుగుతోంది. నోరు తెరిచి చూసింది.

"సార్, గివన్ని నేను రాసినయేనా?"

ఆఫీసరు పెన్ను కాయితం మీదే ఆగింది. ఇంకా సంతకం పడలేదు. హెడ్మాస్టరు నోరు మూసుకొని ఉంటే చాలు, నేనే ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి. ఆయన ముందుకొచ్చి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టారు.

"నువ్వు రాసినయే బిడ్డా. ఇన్ని దినాలు నిన్ను గీ గదిల అడుగు పెట్టనియ్యలే. నా పింఛను చూసుకున్న. తప్పు నాదే."

ఆఫీసరు తల వంచి సంతకం పెట్టారు. రేపటి నుంచి గది తెరిచే ఉంచమని కూడా చెప్పారు. హెడ్మాస్టరు ఆ మాట విననే లేదు. కుర్చీ పక్కన వంగి, "పద్దెనిమిదో ఎక్కం గూడ వస్తదా బిడ్డా?" అని అడుగుతున్నారు.