కాత్యాయని చేతి కొలత

ప్రొద్దుటూరులో మా నగల అంగడి గుమాస్తా బాలసుబ్బయ్య మంచివాడే గానీ మహా మొండి. గాజులు చేయించుకునే ఆడవాళ్ళ చేతి కొలతలు దారాలుగా తీసి, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ అంటించి గోడకు వేలాడదీసేవాడు. మైదా జిగురు వద్దని ఎంత చెప్పినా వింటేనా! ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు వానలకు బొద్దింకలు చీటీలన్నీ కొరికేశాయి. గుర్తున్నంతలో మళ్ళీ పేర్లు అంటిస్తే, ఒకరి కొలతకు ఇంకొకరి గాజులు తయారయ్యాయి. చివరికి దారాలన్నీ పొయ్యిలో వేసి, కొత్త కొలతల కోసం ఊళ్ళు తిరిగాడు.

పెద్దముడియంలో బడి అయ్యవారి భార్య అన్నపూర్ణమ్మ కొలతకు చెయ్యి చాపింది.

“మీ పాప కాత్యాయని యాడుందమ్మా? పాప కొలత కూడా తీస్తా” అన్నాడు.

“పాప లేదప్పా. పోయినేడు జరమొచ్చి పాయె. దాని పాత దారం నీకాడ ఉంటాది గదా, నాకియ్యి.”

సుబ్బయ్య తల వంచుకున్నాడు. “కాల్చేసినా తల్లీ.”

ఆమె ఏడవలేదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి, “ఇంతుండె” అంది.

సుబ్బయ్య ఆ సున్నాకు సరిపడా దారం ముడివేసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని శానాసేపు చూసింది.

“కాదప్పా, దాని చెయ్యి ఇంకా సన్నం” అంది.