ఒత్తమన్నారు గానీ గుద్దమనలేదు

మా పియానో టీచరుగారు పోయారని ఈ నెల మొదట్లో ఒకనాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేశాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "హమ్మయ్య". పక్కన టీ తాగుతున్న మా ఆయన కప్పు దించి నావైపు అదోలా చూశారు. చూస్తే చూశారు. ఏడుపు తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది. ముందొచ్చింది మాత్రం హమ్మయ్యే. ఎందుకో తెలియాలంటే ఆవిడ కట్టిన పాట సంగతి చెప్పాలి.

బందరులో పియానో ఏమిటండీ అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉంది మరి, చర్చి పక్క సందులో, ఆవిడ ముందుగదిలో! ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయని కిటికీలు మూసే ఉంచేవారు. లోపల మేం చెమటలు కక్కుతూ వాయించేవాళ్ళం. తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు. "ఏమ్మా, నీ వేళ్ళకీ చెవులకీ మాటల్లేవా?" అనేవారు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలేది.

ఆ చదువుతో నేను ఊడబొడిచిందేమీ లేదు. కోనేరు సెంటర్ దగ్గర డీటీపీ షాపు పెట్టుకుని శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసుకుంటున్నాను. నిరుడు టీచరుగారికి కుడిచెయ్యి స్వాధీనం తప్పాక ఆవిడే ఓ మధ్యాహ్నం షాపుకొచ్చారు. కంప్యూటర్లో స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ ఉంటుందట కదా, నా పాట అందులో ఎక్కించు అన్నారు.

అది వాళ్ళమ్మగారు నాగాయలంక దగ్గర నాట్లు వేస్తూ పాడుకున్న పాట. దాన్ని టీచరుగారు పియానోకి మలిచారు. "పైన వాన, కింద బురద, మధ్యలో మా అమ్మ" అని చెప్పేవారు. కుడిచేతి చివరి వేళ్ళు చినుకులు, ఎడమచెయ్యి బరువైన కింది స్వరాలు. అసలు పాట రెండు బొటనవేళ్ళ మధ్య చేతులు మారుతూ నడుస్తుంది. చిక్కంతా అక్కడే. వాయించేవాళ్ళకి పైన వినిపించేదే పాట అని అలవాటు. గుడివాడలో ఒకమ్మాయి, టీచరుగారు చేత్తో రాసిన కాగితం చూసి దాన్ని వాయిస్తే హాలంతా చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో టీచరుగారు మాత్రం, "వాన బాగానే కురిసిందమ్మా. మా అమ్మే కనబళ్ళేదు" అన్నారు. ఇక తను వాయించి చూపించలేరు. కాగితమే చూపించాలి. అది చూపించలేకపోతే ఆ పాట ఆవిడతోనే పోతుంది. ఆ బెంగతోనే నా దగ్గరికి వచ్చారు.

"ఈ మధ్యలో నడిచే పాట స్వరాలన్నిటికీ ఒత్తు పెట్టమ్మా" అన్నారు. ఒత్తు అంటే నాకు తెలిసింది ఆక్సెంటు, స్వరాన్ని గట్టిగా కొట్టమని చెప్పే బాణం మొనలాంటి గుర్తు. పాట పొడుగునా వరసగా బాణాలు పెట్టేసి ప్లే నొక్కాను. కంప్యూటరు ఠంగు ఠంగుమని మోగించేసరికి ఆవిడ ఉలిక్కిపడ్డారు.

"అమ్మ బాబోయ్! ఒత్తమన్నాను గానీ గుద్దమన్లేదే తల్లీ! పెద్దవాళ్ళ కాళ్ళు ఎప్పుడూ ఒత్తలేదా నువ్వు?"

"ఒత్తుకి ఇన్ని అర్థాలుంటే నన్నేం చెయ్యమంటారండీ!" అన్నాను ఉక్రోషంగా. ఆవిడ పకపకా నవ్వారు. స్టూడెంట్లు ఎదురు చెప్తే ఆవిడకి భలే సరదా.

బాణాలు పీకేసి, స్వరం స్వరానికీ చిన్న అడ్డగీత పెట్టాను. వేలు కాస్త నిలిపి, బరువు వెయ్యమని దానర్థం. వినడానికి బాగుంది గానీ కంటికి ఆనడం లేదన్నారు. పాటను విడిగా ఒక వరసలో వేసి, దాని స్వరాలకుండే నిలువు కాడలన్నీ పైకీ, మిగతావి కిందికీ తిప్పాను. అదీ చాల్లేదు. పెళ్ళిళ్ళ సీజను, ఊపిరి సలపని పని. ఆవిడేమో రోజూ వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేవారు.

"ఇంకెంత పెంచమంటారండీ దాన్ని?" అని ఓ రోజు గట్టిగానే అడిగేశాను.

ఆవిడ స్టూలు స్క్రీనుకి దగ్గరగా జరుపుకున్నారు. "దాన్ని పెంచొద్దులే. మిగతావాళ్ళని కాస్త తగ్గి కూర్చోమను" అన్నారు.

వానంతా చిన్న సైజు చేశాను, బురద కూడా. పెళ్ళికూతురి పేరు కనబడాలని మిగతా అక్షరాలు తగ్గించడం నాకు రోజూ ఉండే పనే, అయినా ఇక్కడ బుర్రకి తట్టలేదు! పేజీ మధ్యలోంచి పాట ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆవిడ ఎడమచేతి వేలితో దాన్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడుముకుంటూ వెళ్ళారు. "ఆఁ, ఇదిగో" అన్నారు, అంతే. ప్రింటు తీసిచ్చాను. కొద్ది వారాలకే మంచం పట్టారు. పని సగంలో ఉండగా పోయుంటే నా బతుకేం కాను!

ఆవిడ జ్ఞాపకార్థ కూడిక చర్చి హాల్లో జరిగింది. వాయించడానికి ఏలూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. టీచరుగారిని ఎన్నడూ చూసిన పిల్ల కాదు. కాగితాలు చేతిలో పెట్టాను తప్ప ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాలని నాలుక దురద పెడుతూనే ఉంది. కానీ రేపు ఇంకెవరో వాయిస్తే నేను వెళ్ళి చెప్తానా?

నా పక్క కుర్చీలో టీచరుగారి అక్కగారు కూర్చున్నారు. జీవితమంతా నాగాయలంకలో వ్యవసాయం చేసుకున్న మనిషి. చెల్లెలు పియానో మీద ఏం కట్టిందో ఎప్పుడూ వినలేదట. ఎండన పడి వచ్చారేమో, తల వాల్చి కునుకు తీస్తున్నారు. పియానో మీద వాన మొదలైంది, సన్నగా, దూరంగా. అంతలో పెద్దావిడ తల ఎత్తి నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మా అమ్మ పాట ఈ పిల్లకెవరు చెప్పారమ్మా?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కళ్ళు మూసుకున్నారు. ఒళ్ళో, తెల్ల కోకమీద, ఆవిడ కుడిచేతి వేళ్ళు పాటకి సరిగ్గా నారు గుచ్చుతున్నాయి.