కట్టకో చీటీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను రాసిన కోడ్ నా మాట వినని రోజైతే ఇంట్లో ఎవరూ నా ఛాయలకు రారు. ఆ రోజు మాత్రం కోప్పడడానికి కూడా తీరిక లేదు.

రాయదుర్గంలో నేను ఆపా అని పిలిచే మా పక్కింటి అక్కకు పది మిషన్ల జీన్స్ యూనిట్ ఉంది. పదేళ్ళుగా పెద్ద యూనిట్ల వాళ్ళ ఆర్డర్లే కుట్టి ఇచ్చేది. మొదటిసారి బళ్ళారి దుకాణం ఒకటి నేరుగా ఆమెకే ఆర్డర్ ఇచ్చింది. ప్రతి ప్యాంటుకూ ఆమె యూనిట్ పేరు, సైజు ఉన్న స్టిక్కర్ ఉండాలన్నారు. సరుకు సాయంత్రం అయిదింటి బస్సుకు ఎక్కాలి, లేకపోతే మళ్ళీ ఆమె మొహం చూడరు. స్టిక్కర్లు తీసే వెబ్ పేజీ రాసింది వెబ్ పనే బతుకుగా చేసుకున్న నేను.

మధ్యాహ్నం కటింగ్ బల్ల మీద లాప్‌టాప్, ప్రింటర్ పెట్టుకుని మొదటి స్టిక్కర్ తీశాను. పేరు వచ్చింది. సైజు చోట ఖాళీ.

సైజు ఒక ఫైల్లో రాసి, దాన్ని అసలు పేజీలో కలిసేలా ఇన్‌క్లూడ్ చేశాను. పేజీ పైన 32 అని కనిపిస్తూనే ఉంది. స్టిక్కర్ తయారుచేసే కోడ్ ముక్క, అదే ఫంక్షన్, దాని లోపలికి వెళ్ళేసరికి మాయం! తప్పు జరిగితే హెచ్చరిక రావాలి కదా? ఆ హెచ్చరికలు స్టిక్కర్ల మీద పడితే అసహ్యంగా ఉంటుందని ముందే వాటి నోరు మూయించిన మహాతల్లిని నేనే. రెండు గంటలు తల బద్దలు కొట్టుకుని, చివరికి ఫంక్షన్ లోపల 'గ్లోబల్' అనే మాట చేర్చాను. బయటున్న సైజునే వాడుకో అని దానర్థం. సైజు వచ్చింది. ఎగిరి గంతేశాను. స్టిక్కర్ల చుట్ట ఒకటి పూర్తిగా అచ్చయ్యాక చూస్తే అన్నీ 36లే.

"ఏమ్మా, అన్నీ ఒకటే పడినాయే?" అంది ఆపా.  గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"ఏమో ఆపా, సైజు బయట సరిగ్గానే ఉంది. లోపలికి పోతే మారిపోతోంది," అన్నాను ఏడుపు గొంతుతో.

ఆమె గోడ మీది నల్లబోర్డు చూపించింది. కటింగ్ మాస్టరు సైజు రాసేది దాని మీదే. "ఒకసారి మేమూ అట్లే చేసినాం. చీటీలు ఎందుకులే, బోర్డు చూసి కుట్టండి అన్నా. నడుము పట్టీలు సగమైనంక మాస్టరు వేరే సైజు రాసినాడు. ప్యాంటు ముప్పై, పట్టీ ముప్పై ఆరు! అప్పట్నించి కోసిన ముక్కల కట్టకో చీటీ, దాని సైజు రాసి కడతాం. మిషన్ మీద కూచున్న మనిషి బోర్డు చూడకూడదు. ఒళ్ళోకి వచ్చిన చీటీనే చూడల్ల. చీటీ లేకుంటే సూది దించదు."

 'కంప్యూటర్ వచ్చింది కదా, ఇంకా ఈ చీటీలెందుకు ఆపా' అని వారం కిందట ఆమెకు సలహా ఇచ్చింది నేనే! నా పేజీలోకి సైజుల జాబితా చూపించే ఇంకో ఫైల్ కూడా ఇన్‌క్లూడ్ అవుతోంది. అదీ సైజుకు అదే పేరు వాడుకుంటూ చివరి సైజు 36 దగ్గర ఆగింది. నా బోర్డు చెరిపి రాసిన మాస్టరు అదే. ఫంక్షన్ మొదట సైజు చూడనిది నా మీద పగతో కాదు, బోర్డు చూడకూడదన్న పద్ధతి దానిదీ కనుక. ఎక్కడో మహా మేధావులు పెట్టారని నేననుకున్న నియమాన్ని, అయిదో తరగతి దాటని ఈ మనిషి గుడ్డ నష్టపోయి, తనంతట తాను కనిపెట్టింది. ఎంత గొప్ప బుర్ర! చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

గ్లోబల్ తీసేశాను. ఏ కట్ట సైజు ఆ కట్టకు, ఫంక్షన్‌ను పిలిచేటప్పుడే చేతికి అందించాను. 30, 32, 34 వరసగా వచ్చాయి. కుట్టేవాళ్ళందరూ మిషన్లు ఆపి అంటించడానికి కూర్చున్నారు.

అయిదింటికి మూటలు బస్సెక్కాయి. బస్సు బళ్ళారి రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయినా ఆపా కదల్లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పదేళ్ళు ఈ బస్సుకు ఊరోళ్ళ పేర్లే ఎక్కించినా," అంది. "ఈ పొద్దు నా పేరు పోతాండాది."