తంగేడు ఉంది, ఎలుక లేదు

వేరుశనగ పీకాక ఎలుకలు దాచుకున్న కాయల కోసం కలుగులు తవ్వడం మా ఊళ్ళో అలవాటు. ఈ ఏడు వానల్లేక పంటే పోయింది. అయినా పొద్దున నాయన పార తీసుకుని చేనికి బయల్దేరితే కాన్వెంటులో చదివే నేనూ వెంట వెళ్ళాను. తవ్విన కలుగులో ఒక్క కాయ లేదు, ఎలుకా లేదు. గట్టు మీద తంగేడు మాత్రం విరగబూసి ఉంది.

"చూడు నాయనా, ఇది యాడికీ పోలేదు," అన్నాను.

"దానికి కడుపు లేదు కదా కాన్వెంటమ్మా. ఎలకకు ఉండాది, అందుకే పోయింది," అని నవ్వాడు.

సాయంత్రం కూలిపనికి బెంగళూరు బస్సెక్కాడు. మట్టి కూడా దులపని పార వాకిట్లో గోడకు ఆనించి ఉంది.

మీ చేలల్లో ఎలుకలు ఇంకా ఉన్నాయా? ఉంటే చెప్పండి. ఈ ఏటికి వాటిని తిట్టకండి.