అమ్మానాన్నలతో వస్తేనే ప్రవేశం

ఐటీ కొలువుల జోరులో సీతాఫల్‌మండిలో సందుకో నెట్ సెంటర్ వెలిసింది. పిల్లలు పాడైపోతున్నారని ఫిర్యాదులు వెళ్లాయి. క్యాబిన్లకు తలుపులు ఉండకూడదని, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు తల్లిదండ్రులతోనే రావాలని పోలీసులు ఆదేశించారు. ఆ వార్త మా పత్రికకు నేనే రాశాను. మా ఇంటి కింది సెంటరతను దాన్ని కత్తిరించి అద్దానికి అంటించుకున్నాడు.

ఒక సాయంత్రం నేనక్కడ వార్త పంపుతుంటే మా పై వాటా అమ్మాయి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం. విజయనగరం నుంచి తండ్రి ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబం. ఆమె కాలేజీ ఫంక్షన్ ఫొటో పెట్టి, ఇంటి ఫోన్ నంబరిచ్చి, నెట్‌లో ఎవరో ఆమె పేరున ఒక పేజీ తెరిచారు. ఇంటికి పిచ్చి ఫోన్లు మొదలయ్యాయి. తండ్రి ఇంకా రాంగ్ నంబర్లనుకుంటున్నాడు. అసలు సంగతి తెలిస్తే చదువు మాన్పించేస్తాడు. ఆలోగా ఆ పేజీ తీయించాలని ఆమె వచ్చింది.

"అమ్మనో నాయిననో తోల్కరా బిడ్డా," అన్నాడు సెంటరతను.

"నాన్నకి తెలీకూడదనే కదండీ వచ్చాను!"

"కానూన్ గిట్లుంది. నన్నేం జెయ్యమంటవ్?"

లోపల మీసాలు రాని కుర్రాళ్లు అన్నల లైసెన్సు జిరాక్సులు చూపించి కూర్చుని ఉన్నారు. నేను తోడుంటానన్నాను.

"మీరు నాయిన గాదు గద సార్. మీరే రాసిన్రు, మీరే గిట్లంటే ఎట్ల?" అని నవ్వాడు.

నా సిస్టంలోనే పేజీ తెరిచి ఆ సైటు వాళ్లకు ఫిర్యాదు పంపాను. జవాబు రాలేదు. చివరికి ఆమెను ఒప్పించి స్టేషన్‌కు తీసుకెళ్లాను. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు.

"చట్టం గట్టిగనే ఉంది సార్. కానీ మైనర్ గద, తండ్రి సంతకం గావాలె," అంటూ ఇంటి నంబరు తిప్పాడు.

"వద్దని చెప్పండి అంకుల్," అంది ఆ అమ్మాయి నాతో.

అదీ ఆ పిచ్చి ఫోన్లలో ఒకటనుకుని తండ్రి ఎస్సైని బూతులు తిట్టాడు. ఆ తర్వాత విన్నాడు. స్టేషన్‌కు వచ్చి కుర్చీలో కూడా కూర్చోలేదు.

"కేసూ వద్దు, ఏటీ వద్దండి. మా పిల్లని తీసుకుపోతాను."

సంతకం లేదు కాబట్టి ఫిర్యాదూ లేదు. ఆ వారమే ఇంటి ఫోన్ తీయించేశారు. కాలేజీ కూడా మాన్పించేశారు.

పరీక్షల రోజుల్లో సెంటరతను అడిగాడు. "గా బిడ్డ మల్ల రాలే సార్. పరేషాన్ తీరినట్టేనా?"

నా ముందున్న తెర మీద, అదే పేజీలో, ఆ అమ్మాయి ఫంక్షన్ రోజు ఓణీలో ఇంకా నవ్వుతూనే ఉంది.