నా కారును తుక్కన్నారు

నా కారును తుక్కన్నారు. చాటున కాదు, బిల్డింగులో ఉన్న ప్రతి ఫోనూ టింగుమనేలా అన్నారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పెట్టి, కింద "సెల్లార్‌లో ఉన్న ఈ తుక్కు ఎవరిదో వారు వెంటనే తీయించగలరు" అని రాశారు. రాసినవారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు సుబ్బారావుగారు. ఎవరిదో తెలియక రాయలేదు. రోజూ పొద్దున దాని పక్కనుంచే నడకకు వెళ్తారాయన.

ఈ అన్యాయానికి నేను జవాబు చెప్పబోయి ఒక కారునీ, ఒక బనియన్‌నీ, అరబస్తా లప్పాన్నీ, ఇంట్లో నాకు మిగిలి ఉన్న కాస్త మర్యాదనీ పోగొట్టుకున్నాను. అవన్నీ ఎట్లా పోయాయో వరసగా చెప్తాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకు అలవాటే. ఇది జరిగి కొన్నేళ్లయింది. అప్పటికి నేనింకా కుర్రవాణ్ని, అరవై దాటిన కొత్త.

సుబ్బారావుగారు గుంటూరు వైపునుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. మాట మెత్తన, దెబ్బ గట్టి. మన్సూరాబాద్‌లో మేం ఈ ఫ్లాటులోకి దిగిన రోజు ఆయన నన్ను చూసి, లిఫ్టు బాగుచేయడానికి వచ్చారా అని అడిగారు. ఎంతో గౌరవంగానే అడిగారు. నేను మరిచిపోలేదు. నాకు అదొక్కటే జబ్బు, ఏదీ మరిచిపోను.

నేను బళ్లో చదివింది ఏడో తరగతి. ఆ పైన చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను, నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను, ప్రతిసారీ ఫస్టున పాసయ్యాను. రేడియో విప్పి రేడియో నేర్చుకున్నాను. తిరిగి బిగించడం మాత్రం సిలబస్‌లో లేదు. ఎల్బీ నగర్‌లో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ క్లర్కుగా బతుకంతా కూర్చున్నాను కనుక, బండ్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని. దవాఖాన ముందు పాన్‌డబ్బా పెట్టుకున్నవాడు డాక్టరైనట్టు.

కారు సంగతి కూడా దాచను. తలుపుల కింది అంచుల్లో తుప్పు పట్టింది. ముందు ఎడమ చక్రం మీది రేకుకు ఒక సొట్ట ఉంది. చంపాపేటలో ఒక కరెంటు స్తంభం వచ్చి తగిలింది. స్తంభాలు కదలవంటారు. ఆ రోజు అది కదిలింది, నేను చూశాను.

ఫొటో చూసిన కోపంలో, చల్లబడే లోపలే గ్రూపులో రాసేశాను. వచ్చే ఆదివారం మీటింగు నాటికి ఈ కారును చూసి మీరే నోరు వెళ్లబెడతారు, అందరి ముందూ క్షమాపణ చెప్తారు, అట్లా జరగకపోతే నా చేతులతో నేనే దాన్ని తుక్కువాడికి తోలిస్తాను అని. సుబ్బారావుగారు వెంటనే ఒక బొటనవేలి బొమ్మ పెట్టారు. మా ఆవిడ యాదమ్మ ఫోన్ చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకొని చూసింది.

"గిదేందయ్యా, కారును పందెంల పెట్టినవా? నన్ను దవాఖానకు దేనిల తీస్కపోతవ్?"

"గెలుస్త కదనే."

"ఎప్పుడన్న గెల్చినవా?"

జ్ఞాపకశక్తి ఆమెకూ ఉంది. ఆ సంగతి నేను తరచు మరిచిపోతుంటాను.

ఎల్బీ నగర్‌లో డెంటింగ్ షాపతనికి చూపిస్తే, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పరామర్శకు వచ్చినవాడిలా గొంతు తగ్గించి ఒక రేటు చెప్పాడు. ఆ మాటకు ఇంజను ఆపి ఉన్న కారు కూడా ఒకసారి ఉలిక్కిపడింది. సరే, ప్రపంచంలో అన్ని విద్యలూ ఫోన్‌లో ఉన్నాయి కదా అని ఇంటికొచ్చి వీడియోలు పెట్టాను. ఎవరో ఒక తెల్లాయన సొట్ట మీద మరిగే నీళ్లు పోసి, బాత్రూములో నీళ్లు నిలిచినప్పుడు గుంజే రబ్బరు గిన్నె కర్ర ఉంటుంది చూడండి, దాన్ని ఆనించి ఒక్క గుంజు గుంజాడు. సొట్ట టక్కున బయటికి వచ్చింది. అరే, ఇంతేనా!

ఆ కర్ర తీసుకొని మెట్లు దిగుతుంటే యాదమ్మ అడ్డం నిలబడింది. "మొన్న దసరకు పసుపు కుంకుమ పెట్టిన కారు గది. దానికి పాయఖాన కట్టె పెడ్తవా?" అంది. శాస్త్రానికి మైల లేదే అన్నాను. ఏ శాస్త్రమో ఆమె అడగలేదు, అదృష్టం.

నీళ్లు పోశాను. గిన్నె ఆనించాను. రాలేదు. టైరుకు కాలు తన్ని, పళ్లు బిగించి, సుబ్బారావుగారిని తలచుకొని గుంజాను. సొట్ట నిజంగానే బయటికి వచ్చింది, రేకుతో సహా. నేను వెల్లకిలా, నా గుండెల మీద కర్ర, కర్రకు అరచేయంత నా కారు.

అక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. ఆగలేదు. డొక్కులో చెయ్యి పెట్టాక తుప్పుకు వెరవనేల? గరుకు కాగితం తీసుకొని తలుపుల తుప్పు రుద్దడం మొదలుపెట్టాను. తుప్పు రుద్దితే కింద తళతళలాడే ఇనుము వస్తుందని వీడియోలో చూపించారు. నాకు తుప్పు కింద తుప్పు వచ్చింది. దాని కింద ఇంకా తుప్పు. దాని కింద సెల్లార్ గోడ కనిపించింది. ఎలుకను పట్టడానికి కొండను తవ్వినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

బొక్కలు పూడ్చాలంటే లప్పం, అంటే పుట్టీ, కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి అడిగితే, అతను "కారుకా, గోడకా?" అన్నాడు. కారుకు వేరే ఉంటుందట, గట్టిపడే మందు కలిపి కొంచెం కొంచెంగా రాయాలట. ఇటువంటి వ్యాపార రహస్యాలు నేను చాలా చూశాను. చిన్న డబ్బాలో పోస్తే ఒక పేరు, బస్తాలో పోస్తే ఒక పేరు. ఇంటికి సున్నాలు వేయించినప్పటి గోడ లప్పం అరబస్తా మా బాల్కనీలోనే మూలుగుతోంది. ఎండకూ వానకూ గోడ నిలబడినప్పుడు కారు ఎందుకు నిలబడదు? గోడకన్నా కారుకు పనెక్కువని నాకు తట్టలేదు.

ఇక ఇంట్లోనే దొరికిన సరంజామాతో పనికి దిగాను. బొక్కల్లో పాత పేపర్లు ఉండలు చుట్టి కూరాను. వీడియోలో తెల్లాయన పైన ఏదో జాలీ గుడ్డ పరిచాడు. మన దగ్గర అంతకన్నా జాలీగా ఉన్నది నా బనియనే. దాన్ని పరిచి, పైన లప్పం కొట్టాను. ఒక పూత ఆరలేదు, రెండో పూత కొట్టాను. రెండోది పగిలింది, పగులు మీద మూడోది. తలుపు ఎంత బరువెక్కిందంటే, తెరిస్తే కారు ఆ పక్కకు ఒరిగి ఎవరికో నమస్కారం పెట్టేది. మూస్తే పడేది కాదు. రంగు కూడా కొనలేదు, మా కాంపౌండు గోడకు వేయగా మిగిలిన డబ్బా వాచ్‌మన్ గదిలో ఉంటే అదే వేశాను. కళ్లజోడు తీసి చూస్తే రెండు రంగులూ ఒక్కటే.

పని అయ్యాక యాదమ్మను పిలిచి ఎట్లుందని అడిగాను. చాలాసేపు చూసింది.

"సల్లగుంది" అంది.

"సల్లగుండుడు ఏంది?"

"గోడ పక్కన నిలబడ్డట్టు సల్లగుంది."

దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఒట్టి కారు చూపిస్తే ఏం రక్తి? వాహన పూజ పెట్టి, అందరి ముందూ మళ్లీ కొత్త కారు చేద్దామనుకున్నాను. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి కారులోనే వెళ్దునుగానీ తలుపు మూతపడక, పక్కింటివాళ్ల స్కూటీ అడుక్కొని వెళ్లి సిందూరం తెచ్చాను. యాదమ్మ ఒక్క మాట చెప్పింది. బొట్టు పెట్టి, హారతి ఇచ్చి ఊకో, కొబ్బరికాయ జోలికి పోకు అని. కొబ్బరికాయ లేని వాహన పూజ ఏం పూజ అన్నాను.

మెంబర్లందరూ సెల్లార్‌లోకి దిగారు. కారు బానెట్ మీద సిందూరం బొట్టు, అద్దానికి బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. సుబ్బారావుగారు చేతులు వెనక్కి కట్టుకొని ఒక చుట్టు తిరిగారు. తుప్పు మచ్చ ఒక్కటి కనపడలేదు. "ఫర్వాలేదండీ నర్సయ్యగారూ, బాగానే చేసుకున్నారు" అన్నారు. క్షమాపణ ఆయన నాలుక చివర దాకా వచ్చిందని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. అప్పుడే హారతి పూర్తయింది. లిఫ్టు మాట నాటి నుంచి దాచుకున్న కోపమంతా కుడిచేతిలోకి తెచ్చుకొని కొబ్బరికాయను నేలకేసి కొట్టాను.

కాయ రెండు చెక్కలయింది. ఒక చెక్క బుద్ధిగా పడుకుంది. రెండోది ఎగిరి పోయి తలుపు కింది అంచుకు తగిలింది.

కాసేపు ఏమీ కాలేదు. తరువాత తలుపు మీద సన్నటి గీత ఒకటి కింది నుంచి పైకి పాకింది, అచ్చం పాత ఇంటి గోడ మీద పాకినట్టు. దాని వెనకే పెద్ద పెచ్చు, దాని వెనక ఇంకో పెచ్చు ఊడిపడ్డాయి. దుమ్ము తగ్గాక చూస్తే తలుపులోంచి నా బనియన్ ఒక చెయ్యి బయటికి పెట్టి వేలాడుతోంది. దాని వెనక పేపర్లు.

సుబ్బారావుగారు వంగి, కళ్లజోడు సర్దుకొని, తీరిగ్గా చదివారు. "రేపు వాతావరణం పొడిగా ఉంటుందటండీ."

నవ్వని మెంబరు లేడు. యాదమ్మ మాత్రం నవ్వలేదు. "గీ బనియన్ కోసం బీరువంత ఎతికిన" అంది, అందరికీ వినపడేలా.

ఇచ్చిన మాట మాటే. మరునాడే పాత ఇనుము కొనే అతన్ని పిలిపించాను. అతను జేబులోంచి తాడుకు కట్టిన అయస్కాంతం తీసి తలుపుకు ఆనించాడు. జారిపోయింది. ఇంకో తలుపుకు ఆనించాడు, అక్కడా జారింది. రేకు ఊడిన చోట నేను కట్టిన కట్టడం మీద వేళ్లతో కొట్టి, చప్పుడు విని, జేబులో అయస్కాంతం పెట్టేసుకున్నాడు.

"పెద్దాయనా, మేం ఇనుం కొంటం. ఇది మలబా. ఇండ్లు కూలగొట్టినంక ఎత్తుకపోతరే, గా ట్రాక్టరోళ్లను పిలువుండ్రి."

ఇంకెవరైనా అయితే అక్కడే కూలబడేవారు. నాకు మాత్రం ఆ మాటలో గెలుపు వినిపించింది. తుక్కు ఏదో తుక్కు వ్యాపారికన్నా తెలిసినవాడు ఎవడు? ఆ వ్యాపారే వచ్చి, పరీక్ష చేసి, ఇది తుక్కు కాదన్నాడు. వెంటనే గ్రూపులో పెద్ద మెసేజీ రాశాను. నిపుణులు తేల్చారు కనుక ప్రెసిడెంటుగారు తుక్కు అన్న మాటను బేషరతుగా వెనక్కి తీసుకొని, అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పాలని, అప్పటిదాకా కారు ఉన్నచోటు నుంచి కదలదని. నిజానికి అది కదిలే స్థితిలోనూ లేదు.

జవాబు రాలేదు. నేను రాసింది చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. ఆ ఎదురుచూపులో, మోకాళ్లకు నూనె రాసుకుంటూ, హనుమంతుడి సిందూరం ఇంకా అంటుకునే ఉన్న కుడిచేతిని చాచి ఒక ప్రమాణం చేశాను. ఈ జన్మలో గోడకు తప్ప దేనికీ లప్పం పెట్టను. బాత్రూము కర్రను బాత్రూము దాటించను. తెల్లాయన వీడియోలో చంద్రుడి మీది గుంతలు పూడ్చి చూపించినా సరే, యాదమ్మను అడగకుండా సరంజామా ముట్టను. బనియన్‌లు ఒంటి మీదే వేసుకుంటాను.

చివరికి ఒక సాయంత్రం సుబ్బారావుగారి సమాధానం వచ్చింది. నలుగురికీ తెలిసేలా, గ్రూపులోనే, నేను అడిగినట్టే.

"నర్సయ్యగారూ, మీది తుక్కు అని రాసినందుకు బేషరతుగా క్షమాపణ కోరుతున్నాను. అది తుక్కు కాదని కమిటీ కూడా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఇక, సెల్లార్‌లో గోడ కట్టడానికి మీకు పర్మిషన్ ఎవరిచ్చారో దయచేసి తెలుపగలరు."