బీడీ సిద్దప్ప

సిద్దప్ప బీడీ తాగడు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే మూడేళ్లుగా ఆదోని, ఎమ్మిగనూరు లారీ స్టాండుల్లో అతని పేరు బీడీ సిద్దప్ప. అన్నవాళ్ల నోళ్లు పడిపోను.

అతనిది సి.బెళగల్ పక్క పల్లె, కాపురం ఎమ్మిగనూరులో. ఆదోని మిల్లుల్లో పత్తి బేళ్లు ఎత్తుకుని కోయంబత్తూరుకు లారీ తోలడం అతని ఇరవై రెండేళ్ల పని. నేను ఆదోనిలో పత్తి గింజ తీసి బేళ్లు కట్టే ఒక జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాను, హరికృష్ణ అంటారు. బండి వచ్చేటప్పుడు ఒకసారి, లోడుతో పోయేటప్పుడు ఒకసారి తూకం వేసి చీటీ ఇస్తాను. మా గేటు దగ్గర ఒక రేకు డబ్బా ఉంటుంది. లోపలికొచ్చే ప్రతి డ్రైవరూ బీడీలు, అగ్గిపెట్టె అందులో వేసి రావాలి. సిద్దప్ప ఏనాడూ అందులో ఏమీ వేయలేదు. అతని జేబులో వక్కాకు డబ్బీ తప్ప ఏముంటుంది? ఇరవై రెండేళ్లు కళ్లతో చూసినవాణ్ణి, చెబుతున్నాను.

మూడేళ్ల కిందట కృష్ణగిరి దాటినాక అతని లారీలో బేళ్లు అంటుకున్నాయి. బండి ఇనుపగూడు మిగిలింది. సిద్దప్ప దూకి బతికాడు గానీ ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ చేతికి కట్టు కట్టకముందే మా సూపర్‌వైజరు ఎర్రిస్వామి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో కాలిన బండి ఫొటో పెట్టి, కింద 'బీడీ పని' అని రాశాడు. అంతే. ఒక మనిషి బతుకును ముంచడానికి రెండు మాటలు సరిపోయాయి.

ఆ తర్వాత ఎవడూ అతనికి లారీ స్టీరింగు ఇవ్వలేదు. ఊళ్లో వాళ్ల ట్రాక్టర్లు తోలాడు, పెట్రోలు బంకులో టైర్లకు గాలి పట్టాడు. అతని భార్య సంతోషమ్మను చర్చిలో పక్కకు పిలిచి, మీ ఆయన చేత ఆ బీడీ మాన్పించమ్మా అని బుద్ధి చెప్పిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. తాగని బీడీని ఎట్లా మాన్పిస్తుంది ఆమె?

ఈ సీజన్లో లారీ ఓనరు లక్ష్మప్పకు డ్రైవరు దొరకలేదు. అన్ని చోట్లా అడిగి, చివరికి సిద్దప్ప ఇంటికే పోయాడు. సిద్దప్ప ఒక్క షరతు పెట్టాడు.

"బేళ్లు నేను సూసినాకనే బండికెత్తల్ల. కాదంటే వేరే డ్రైవర్ని సూసుకో అన్నా."

ఆ షరతు ఊరికే పెట్టింది కాదు. ప్రెస్సు నుంచి దిగిన బేలును ఒక దినమన్నా యార్డులో విడిగా పెట్టాలి. లోపల నిప్పురవ్వ చిక్కుకుంటే పైకి మంట రాదు. రెండు మూడు రోజులు లోలోపలే రాజుకుంటుంది. పాత డ్రైవర్లు అరచెయ్యి ఆనించి, ముక్కు పెట్టి చూసి గానీ లోడు ఒప్పుకోరు. ఇప్పుడు ఆ ఓపిక ఎవరికుంది?

మొన్న సోమవారం పొద్దున బండి వచ్చింది. గేటు దగ్గర ఎర్రిస్వామి ఆ రేకు డబ్బాను సిద్దప్ప మొహం ముందు గలగలా ఆడించాడు.

"వెయ్యప్పా, నీ బీడీ కట్ట."

సిద్దప్ప జేబులు బయటికి లాగి చూపించాడు. వక్కాకు డబ్బీ కూడా తెరిపించి చూశాడు ఆ వెధవ. హమాలీలు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

సిద్దప్ప ఒక్కో బేలు మీదా కుడి అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. కాలిన ఎడమ చేతికి ఇప్పుడు వేడి తెలియదు. నలభై దాకా ఎత్తించాక ఒకదాని దగ్గర ఆగి, వంగి వాసన చూశాడు.

"ఇది వద్దు. గుడ్డ కాలిన వాసనొస్తాంది. ఎప్పుడు దిగింది ఇది?"

"నిన్ననే దిగింది. పొద్దు పోతాంది, ఎత్తండ్రా!" అన్నాడు ఎర్రిస్వామి.

సిద్దప్ప బేలుకు అడ్డం నిలబడ్డాడు. హమాలీ చేతిలోని కత్తెర లాక్కుని ఇనుప పట్టీలు తెంపి, పత్తిని పాయలుగా విడదీశాడు. నడుమ పిడికిలంత నల్లటి గుంత. గాలి తగలగానే ఎర్రగా కణకణలాడింది. హమాలీలు ఇసుక బకెట్లకు పరుగెత్తారు.

"సూసినారా! మళ్లా బీడీ పడేసినాడు!" అని అరిచాడు ఎర్రిస్వామి.

ఇక ఆగలేక కాటా గదిలోంచి ఉరికి వచ్చాను.

"సిగ్గుండల్ల ఎర్రిస్వామీ! పట్టీలేసిన బేలు నడుమకు బీడీ ఎట్లా పోతాది? ఆ బండి కాలినప్పుడు కూడా ఇదే కదా! పత్తిలో రాయొచ్చి జిన్నులో నిప్పు లేసె. నీళ్లు కొట్టి మళ్లా ఆడిస్తిరి. ఆ బేళ్లనే ప్రెస్సు కాడినుంచి నేరుగా సిద్దప్ప బండికి ఎత్తిస్తివి!"

భలే అడిగానని ఒక్క క్షణం నాకు గర్వంగా కూడా అనిపించింది. కానీ సిద్దప్ప ఎర్రిస్వామి వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నాడు.

"నీకు తెలుసునా అన్నా?"

తెలుసు. ఆ రోజు ఆ బండికి తూకం చీటీ రాసింది నేనే.

"ఉద్యోగం పోతాదని..." అన్నాను.

"నాది పోయింది కదా."

ఇంతసేపూ అందరినీ తిట్టాను. బీడీ సిద్దప్ప అని నేను ఒక్కసారి కూడా అనలేదు. అననందుకే మంచివాణ్ణని అనుకుంటూ మూడేళ్లు తిని పడుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"రాయి. నీ ఫోన్లోంచే. అదే గ్రూపులో," అన్నాడు సిద్దప్ప.

రాశాను. ఆనాడు జిన్నులో నిప్పు లేచిన సంగతి, నేను చూసి కూడా నోరు మూసుకున్న సంగతి, కింద నా పేరు. అతను ఫోను తీసుకుని రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చాడు. తర్వాత యార్డులో రెండు దినాలుగా పడున్న బేళ్లతో లోడు నింపుకుని కాటా మీదికి వచ్చాడు. నేను చీటీ అందించాను. మునుపు చీటీ అందుకున్నప్పుడల్లా, పోయొస్తా అన్నా, అనేవాడు.

ఈసారి కిటికీలోంచి వంగి, "మూడేండ్లు నన్ను బీడీ సిద్దప్ప అనిరి. నీకేం పేరు పెట్టల్లన్నా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బండి కదిలించాడు.